గేటు దగ్గర ఆపితే ఆ పిల్ల ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: నమస్తే మేడమ్. మేము మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆమె వనపర్తి వైపు నుంచి వలస వచ్చింది. భర్తది సెంట్రింగ్ పని. ఆమె మొత్తం నాలుగు ఇళ్ళు చేస్తుంది. ఈ వేసవి నుంచి తన పన్నెండేళ్ళ కూతుర్ని వెంట తెస్తోంది. తల్లి ఇల్లు తుడిచేలోపు ఆ పిల్ల గిన్నెలు కడిగేస్తుంది. చంకలో మూడేళ్ళ తమ్ముడు కూడా ఉంటాడు. ఊళ్ళో ఐదో తరగతి దాకా చదివి మానేసిందట. నేనైతే పిల్లతో పని చేయించుకోవడం లేదు, నెలకు 3,500 జీతం వాళ్ళమ్మకే ఇస్తున్నాను. పిల్లకు పాలు, టిఫిన్ పెడతాను. ఆదివారాలు ఏబీసీడీలు నేర్పుతున్నాను. మొన్న రాసుకుంటుంటే ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టాను. మా బాబుదీ అదే వయసు. ఏడో తరగతి, ఐఐటీ ఫౌండేషన్. పొద్దున ఏడింటికి బస్సెక్కితే ట్యూషన్ ముగించుకుని రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరతాడు. వాడు బద్ధకిస్తే ఆ పిల్లను చూపించి "చదవకపోతే గతి అంతే" అని చెబుతుంటాను.

ఈ నెల మా అసోసియేషన్ వాళ్ళు నోటీసు పెట్టారు. పనివాళ్ళు పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని తీసుకురాకూడదు, తెస్తే ఫ్లాట్ వాళ్ళదే బాధ్యత అని. మావారు "పేదవాళ్ళు, పని చేయకపోతే ఎలా గడుస్తుంది? కేసులు గీసులు మనకెందుకు, ఆమెను మానిపించి వేరే మనిషిని చూసుకో" అంటున్నారు. తల్లి ఏమో "పిల్లను ఒక్కదాన్నే రూముల వదిలి రావాలంటే భయమైతది అమ్మా" అంటోంది. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. నేను చేస్తున్నది తప్పా? ఇప్పుడు ఏం చేయాలి?

ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు:

అమ్మా,

సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. అవును, తప్పే. జీతం తల్లి చేతికే ఇస్తున్నా, పాలు పోస్తున్నా, మీ ఇంటి గిన్నెలు కడుగుతున్నది పన్నెండేళ్ళ పిల్ల. చేయించుకోవడం లేదని మీరు నిజంగానే అనుకుంటున్నారు, ఆ సంగతి నాకు అర్థమైంది. కానీ ఆ పిల్ల రాని రోజు మీ సింకు దగ్గర ఇంకో అరగంట పడుతుంది, మీకు ఆఫీసు లేటవుతుంది. ఆ అరగంట ఎవరిదో ఒకసారి ఆలోచించండి.

అయితే మీవారు చెప్పిన దారి ఇంతకన్నా మంచిదేమీ కాదు. ఆమెను మానిపిస్తే ఆ ఇంటికి 3,500 పోతుంది. పిల్లను మాత్రం గేటు దగ్గర ఆపితే, నోటీసు లేని ఇంకో అపార్ట్‌మెంట్‌కు తల్లి వెంట వెళుతుంది, లేకపోతే రూములో లోపల గడియ వేసుకుని తమ్ముణ్ణి ఆడిస్తూ కూర్చుంటుంది. మీ ఫ్లాటు మీద కేసు రాదు, అంతవరకు నిజమే. ఆ పిల్లకు మాత్రం ఏమీ మారదు. కాబట్టి "మా ఇంట్లో ఉండొచ్చా, ఉండకూడదా" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, రేపు పొద్దున పది గంటలకు ఆ పిల్ల ఎక్కడ ఉండాలి అని అడగండి. నేను రాసేదంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంటుంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ బడుల్లో పనిచేశాను. అందులో చివరి తొమ్మిదేళ్ళు హెడ్మిస్ట్రెస్‌ని. ఒక తప్పు నేనూ చేశాను. విద్యా హక్కు చట్టం రాకముందు సంగతి. పాలమూరు నుంచి వచ్చిన ఒక తల్లి నవంబరులో కూతుర్ని తీసుకుని బడికి వచ్చింది. కాగితం లేదు. "ఊరికి వెళ్ళి టీసీ తెచ్చుకోండి, చేర్చుకుంటాను" అని మర్యాదగానే చెప్పి పంపాను. ఆమె మళ్ళీ రాలేదు. ఊరికి పోయి రావాలంటే ఆమెకు రెండు రోజుల కూలి, బస్సు చార్జీలు పోతాయని, అంత ఖర్చు పెట్టి వెళ్ళినా ఆ రోజు అక్కడ హెడ్మాస్టర్ దొరుకుతాడో లేదో తెలియదని నాకు తట్టలేదు. ఆ పిల్ల పేరు కూడా రాసుకోలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ తల్లే గుర్తొచ్చింది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి, క్లుప్తంగా. ఇళ్ళలో, హోటళ్ళలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనికి పెట్టుకోకూడదన్న నిషేధం 2006 అక్టోబరు 10 నుంచి ఉంది. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించాక ఆ వయసు పిల్లల్ని ఇక ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పెట్టుకున్నవాళ్ళకు ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు గానీ, 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. "సొంతవాళ్ళకు సాయం చేయొచ్చు కదా" అని మీ కమిటీలో ఎవరైనా అనొచ్చు. ఆ మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ అది బడి అయ్యాక, లేదా సెలవుల్లో, చదువు చెడకుండా చేసే సాయానికి మాత్రమే. బడే లేని పిల్లకు "బడి అయ్యాక" ఎక్కడిది? ఆ తల్లి భయపడుతుంటే ఒక్క సంగతి ఆమెకు చెప్పండి. మొదటిసారి దొరికితే తల్లిదండ్రులకు శిక్ష లేదని అదే చట్టం చెబుతోంది. భయపెట్టి ఆమెను దాక్కునేలా చేస్తే పిల్ల బడికి ఇంకా దూరమవుతుంది.

మీ అసోసియేషన్ నోటీసు ఇప్పుడే ఎందుకు వచ్చిందో నేను ఊహించగలను. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని తప్పిపోయిన పిల్లల కోసం, పనిలో పెట్టిన పిల్లల కోసం వెతుకుతారు. ఈ జూలైలో తనిఖీలు ఉంటాయి కాబట్టి కమిటీ వాళ్ళు ముందు జాగ్రత్త పడ్డారు. ఆ తనిఖీలు అవసరమే. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి రెండు వందలకు పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహారు నుంచి తెచ్చిన పిల్లలు, తల్లిదండ్రులు దగ్గర లేని పిల్లలు. అలాంటి పిల్లలు కార్ఖానాల్లోనే ఉంటారనుకోకండి. ఎత్తైన గోడలున్న మన కమ్యూనిటీల్లోనూ ఉంటారు. "ఊళ్ళో మావాళ్ళ పిల్ల, చదివిస్తామని తెచ్చుకున్నాం" అంటారు. ఆ పిల్ల మాత్రం పగలంతా పసివాణ్ణి ఎత్తుకుని పార్కులో కూర్చుని ఉంటుంది. అలాంటి పిల్ల మీ కంట పడితే ఆలోచించకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. రాత్రయినా, పగలయినా ఎత్తుతారు. ఆ తరువాత ఆ పిల్లను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్ళాలి. ఎక్కడ ఉంచాలి, ఎవరికి అప్పగించాలి అన్నది వాళ్ళు నిర్ణయిస్తారు.

మీ ఇంటికి వచ్చే పిల్ల సంగతి వేరు. తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, వాళ్ళతోనే ఉంటోంది. ఆమెకు కావలసింది బడి. ఆ బడికీ ఆమెకూ మధ్య ఏం అడ్డుందో మీ ఉత్తరంలోనే ఉంది, మీరు గమనించలేదంతే. చంకలో తమ్ముడు ఉన్నాడు. ఒంటరిగా రూములో వదలాలంటే తల్లికి భయం ఉంది. ఊళ్ళో ఉండిపోయిన కాగితం ఉంది. నాలుగో ఇల్లు చేయకపోతే గడవని లెక్క ఉంది. మీవారు పేదరికం అన్నారు. పేదరికం నిజమే. కానీ ఆ ఒక్క మాట అనేస్తే మనం చేయాల్సింది ఏమీ మిగలదు. విడదీసి చూస్తే నాలుగు అడ్డంకులు కనిపిస్తాయి, నాలుగింటికీ ఏదో ఒకటి చేయొచ్చు.

ఇది నేను సొంతంగా కనిపెట్టినది కాదు. మన పక్కనే, రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చేసి చూపించారు. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ వాళ్ళు బాలకార్మికుల్లోనే లెక్కేశారు. ఇంట్లో తమ్ముణ్ణి చూసుకునే పిల్లా అందులో ఉంది, మేకలు కాసే పిల్లాడూ ఉన్నాడు. చదువు మధ్యలో ఆగిన పిల్లల్ని శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి సిద్ధం చేసి బడిలో కూర్చోబెట్టారు. బీదవాళ్ళు పిల్లల్ని బడికి పంపరు అన్న మాట అక్కడ నిలబడలేదు. దారి సుళువు చేస్తే పంపారు. మా బడికీ అలాంటి పిల్లలు వచ్చారు. మొదటి రెండు నెలలు కష్టంగానే ఉంటుంది. తరువాత ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో టీచరుకే గుర్తుండదు.

ఇక ఈ వారం మీరు చేయాల్సింది చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఆ పిల్లతో మాట్లాడండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మీ మాట ఉంది, మీవారి మాట ఉంది, కమిటీ మాట ఉంది, తల్లి మాట కూడా ఉంది. ఆ పిల్ల అన్న మాట ఒక్కటీ లేదు. బాలల హక్కుల ఒడంబడిక అని ఒకటుంది. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించింది, 1992 డిసెంబరులో మన దేశమూ అందులో చేరింది. పిల్లల గురించి ఏ నిర్ణయం తీసుకున్నా వాళ్ళ మాట వినాలని, వయసుకు తగ్గట్టు దానికి విలువ ఇవ్వాలని అందులో 12వ అధికరణం. పిల్లల హక్కుల్లో పెద్దవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇదే అని నా అనుభవం. తిండి పెడతాం, బట్టలు ఇస్తాం, అడగడం మాత్రం మరిచిపోతాం. వంటగదిలో నిలబెట్టి కాదు, వాళ్ళమ్మ పక్కన కూర్చోబెట్టి అడగండి. ఐదు దాకా చదివావు కదా, ఏ సారు బాగా చెప్పేవారు, ఏ లెక్కలు వచ్చు, మళ్ళీ పోవాలని ఉందా, ఏమంటే భయం? పన్నెండేళ్ళ పిల్ల మొదటిసారే అన్నీ చెప్పదు. "ఏమో" అంటుంది. వదిలేయకండి, మర్నాడు మళ్ళీ అడగండి. చిన్న పిల్లల మధ్య కూర్చోబెడతారేమోనని సిగ్గుపడుతుండొచ్చు. అలా కూర్చోబెట్టకూడదని చట్టమే చెబుతోంది. పన్నెండేళ్ళ పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడ్డ పాఠాలకు వేరుగా శిక్షణ ఇవ్వాలి. ఆ మాట మీరు చెబితే ఆ పిల్ల ముఖంలోనే తేడా తెలుస్తుంది.

అడిగినప్పుడు ఆ పిల్ల ఇంకేదైనా చెబితే, ఎవరైనా చేయి వేశారనో, భయపెట్టారనో చెబితే, మధ్యలో ఆపకండి, గుచ్చి గుచ్చి అడగకండి, ఇంట్లోనే సర్దేద్దాం అనుకోకండి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. పిల్లతో నెమ్మదిగా మాట్లాడే మనుషులు, వైద్యం, న్యాయ సాయం ఒకేచోట దొరకాలనే మన నగరంలో 2016లో భరోసా కేంద్రం పెట్టారు.

తరువాత బడి. ఒక రోజు సెలవు పెట్టండి. తల్లినీ పిల్లనూ వెంటబెట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలుకు వెళ్ళండి. తల్లి ఒక్కతే వెళితే వాచ్‌మన్ దగ్గరే ఆగిపోవచ్చు. మీరు ఉంటే హెడ్మాస్టర్ ముందు కుర్చీ వేస్తారు. ఇలా ఉండకూడదు, కానీ ఉంది, ఆ కుర్చీని పిల్ల కోసం వాడుకోండి. బడులు తెరిచి నెల దాటింది కదా అంటారేమో. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలను, ఏడాది మధ్యలో వచ్చినా సరే, కాదనకూడదు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. పుట్టినతేదీ కాగితం లేదని ఆపడమూ కుదరదు. ఆధార్ లేదని ఆపకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. పిల్ల ఐదు దాకా చదివింది కాబట్టి పాత బడిలో ఆమె పేరు ఉంటుంది. ప్రైమరీ బడుల్లో ఇచ్చేది రికార్డు షీటు, వాళ్ళు టీసీ అంటే ఇదే. హెడ్మాస్టర్లు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటే చాలావరకు అక్కడే తేలిపోతుంది, తల్లి వనపర్తి దాకా పోనక్కర్లేదు. అప్పటికీ కాదంటే మండల విద్యాధికారికి కాగితం మీద రాసివ్వండి. నోటితో చెప్పి ఊరుకోకండి, రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

పద్నాలుగు నిండగానే హక్కు అయిపోతుందేమో అని అనుమానం రావచ్చు. ఇలా ఆలస్యంగా చేరిన పిల్లలకు ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా, వయసు దాటినా, ఫీజు లేని చదువు ఇవ్వాల్సిందే. ప్రభుత్వ బడిలో పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్నం భోజనం ఎలాగూ ఉంటాయి. తల్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇళ్ళ మీద తిరగాలి, పిల్ల భద్రంగా ఉండాలి అనే భయం మరీ ఎక్కువగా ఉంటే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం గురించి అడగండి. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లల కోసమే 2004లో మొదలైన హాస్టల్ బడులవి. సీటు సంగతి మండల విద్యాధికారి ఆఫీసులో చెబుతారు. అయితే ఆ పిల్లకు తల్లిని వదిలి ఉండటం ఇష్టమో కాదో అడగకుండా ఆ దారి పట్టకండి.

చిన్నవాడి సంగతి అంగన్‌వాడీలో తేలుతుంది. మూడు నిండితే చేర్చుకుంటారు, భోజనం, గుడ్డు పెడతారు. ఆ పిల్ల బడికి వెళ్ళాలంటే ముందు వాడు ఆమె చంక దిగాలి. చాలామంది ఇది మరిచిపోయి పెద్దపిల్లను ఒక్కదాన్నే బడిలో చేర్చి వస్తారు. పది రోజుల్లో ఆ పిల్ల మళ్ళీ ఇంటికి వచ్చేస్తుంది. తమ్ముణ్ణి చూసుకునేవాళ్ళు లేరని ఏ రిజిస్టర్లోనూ రాయరు, "ఆబ్సెంట్" అని మాత్రం రాస్తారు.

ఇప్పుడు డబ్బు లెక్క, ఎందుకంటే అది తేలకపోతే పైన రాసినవన్నీ కాగితం మీదే ఉంటాయి. పిల్ల లేకపోతే తల్లి ఒక్కతే నాలుగు ఇళ్ళు చేయలేకపోవచ్చు, ఒక ఇల్లు వదులుకోవాలి. మిగతా ఇళ్ళూ మీరిచ్చినంతే ఇస్తున్నారనుకుంటే పోయేది మూడున్నర వేలు. మిగిలిన మూడు ఇళ్ళవాళ్ళు తలా వెయ్యి, పన్నెండు వందలు పెంచితే ఆ లోటు పూడుతుంది. మీరు మొదట పెంచి, తక్కిన ఇద్దరితో మీరే మాట్లాడండి. ఇది దానం కాదు. ఇన్నాళ్ళూ మీ మూడు ఇళ్ళకూ ఒక మనిషి జీతంతో ఇద్దరి పని జరిగింది, ఆ రెండో మనిషి చిన్నపిల్ల కాబట్టి ఎవరూ లెక్క కట్టలేదు. పని కొంచెం ఆలస్యమైనా సర్దుకోండి. గిన్నెలు మీవారూ తోమొచ్చు, మీ బాబు తన కంచం తాను కడుక్కోవచ్చు.

పాలు, టిఫిన్, ఆదివారం పాఠాలు మంచి మనసుతోనే చేస్తున్నారు, మానమని అనను. కానీ ఒక తేడా చూడండి. మీరు ఊరు వెళ్ళిన వారం ఆ పాలు ఉండవు. మీకు ఆఫీసు పని పెరిగితే ఆదివారం పాఠం ఉండదు. మీ దయ ఎంత పెద్దదైనా అది మీ వీలు మీద ఆధారపడి ఉంటుంది. బడిలో బెంచీ మీద ఆ పిల్ల చోటు ఎవరి వీలు మీదా ఆధారపడకూడదు. మీరు ఆమెను ఇష్టపడినా, పడకపోయినా, వాళ్ళమ్మతో మీకు గొడవ వచ్చినా, ఆ చోటు ఆమెదే. హక్కు అంటే ఇదే, ఇంతకన్నా కష్టమైన అర్థం ఏమీ లేదు.

ఆ స్టేటస్ ఫొటో తీసేయండి. తెల్లారితే అదే పోతుందని వదిలేయకండి, ఎవరి ఫోన్‌లోనైనా సేవ్ అయి ఉంటే తీసేయమని చెప్పండి. మీ బాబు పాత చొక్కాలో, అర్థం కాని అక్షరాలతో కుస్తీ పడుతున్న ఫొటో మీ బంధువులందరికీ వెళితే మీకు ఎలా ఉంటుంది? ఆ పిల్లను అడిగారా? పిల్లలకు కూడా చాటు ఉంటుంది, పరువు ఉంటుంది. ఒడంబడికలో 16వ అధికరణం దాని గురించే. పైగా బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్ళిన పిల్లల పేరు, ఫొటో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా కూడా ఉన్నాయి. మీ కమిటీ వాళ్ళు తనిఖీల సమయంలో ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా ఈ సంగతి ముందే చెప్పండి.

ఇప్పుడు మీరు అడగని విషయం. చాలాసేపు తటపటాయించి రాస్తున్నాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యం అదే. "చదవకపోతే గతి అంతే" అని ఆ పిల్లను చూపిస్తున్నానన్నారు. ఆ పిల్లకు తెలుగు వచ్చమ్మా. ఆ మాట వింటుంది. చదవకపోవడం ఆమె బద్ధకం కాదు, మీకూ తెలుసు. ఊరు వదిలి రావడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం ఆమె నిర్ణయాలు కావు. చేయని తప్పుకు ఆమెను ఉదాహరణగా నిలబెడుతున్నారు. మీ బాబు కూడా ఇంకోటి నేర్చుకుంటున్నాడు. గిన్నెలు కడిగే మనిషిని చూసి భయపడాలని, ఆ పిల్ల తనలాంటి పిల్ల కాదని. రేపు వాడి ఇంట్లో ఇంకో పిల్ల గిన్నెలు కడుగుతుంటే వాడికి ఏమీ అనిపించదు. ఈ రోజే వాడిని కూర్చోబెట్టి నిజం చెప్పండి. ఆ అక్కకో చెల్లికో రావలసిన బడి రాలేదు, అది పెద్దవాళ్ళ తప్పు, మనం దాన్ని సరిచేస్తున్నాం అని. వీలైతే బడికి వెళ్ళేరోజు వాడినీ తీసుకెళ్ళండి.

వాడి రోజు కూడా ఒకసారి లెక్కపెట్టండి. ఏడు నుంచి ఎనిమిదిన్నర, పదమూడున్నర గంటలు. మీ ఆఫీసు దానికన్నా తక్కువే ఉంటుంది. ఇద్దరి కష్టమూ ఒకటే అనను, అది అన్యాయం అవుతుంది. వాడికి బడి ఉంది, కడుపు నిండా తిండి ఉంది. అయినా విశ్రాంతి, ఆట పిల్లల హక్కని అదే ఒడంబడిక 31వ అధికరణంలో రాసి ఉంది, అది ఆ పిల్లకూ వర్తిస్తుంది, మీ బాబుకూ వర్తిస్తుంది. పన్నెండేళ్ళవాడికి ఐఐటీ ఇంకా ఐదారేళ్ళ దూరం. ట్యూషన్ మానేస్తే ఏమవుతుందో ఒక్క నెల చూడండి. ఏడో తరగతి పిల్లవాడు సాయంత్రం ఆరింటికి బంతి పట్టుకుని కిందికి దిగితే కొంప మునగదు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని చూసినదాన్ని, ధైర్యంగా చెబుతున్నాను. వాడేం కోరుకుంటున్నాడో వాడినీ అడగండి. వాడి మాట కూడా మీ ఉత్తరంలో లేదు.

కిందికి అంటే గుర్తొచ్చింది. మీ వాచ్‌మన్‌కు పిల్లలున్నారా? మన నగరంలో దాదాపు ప్రతి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనూ ఒక కుటుంబం ఉంటుంది. "ఒరేయ్, కొట్టుకెళ్ళి కరివేపాకు పట్రా" అని పై అంతస్తు నుంచి కేకేస్తే ఒక పిల్లాడు పుస్తకం మూసి పరిగెత్తుతాడు. కార్లు తుడుస్తాడు. సాయంత్రం పార్కులో ఊయల దగ్గరికి వస్తే మాత్రం ఎవరో ఒకరు కసురుకుంటారు. ఏ నోటీసులోనూ ఇవి ఉండవు, ఎవరూ వీటిని పని అనరు. కానీ ఆ పిల్లాడికి చదువుకునే గంట పోతోంది, ఆడుకునే చోటు పోతోంది. నా లెక్కలో పిల్లల హక్కుల సంగతి మొదట తేలేది ఇలాంటి చోట్లే. మీ కమిటీ మీటింగ్‌కు వెళ్ళి ఆ నోటీసు మార్చమని అడగండి. పిల్లలు రాకూడదు అని కాదు, పిల్లలతో పని చేయించకూడదు అని రాయమనండి. పనివాళ్ళ పిల్లలు బడిలో చేరారో లేదో కనుక్కునే బాధ్యత ఒకరిద్దరు తీసుకోవాలని అడగండి. సాయంత్రం బడి అయ్యాక తల్లి పని ముగిసేదాకా ఆ పిల్లలు కూర్చుని హోంవర్క్ రాసుకోవడానికి కింద ఒక గది తెరిచి ఉంచమనండి. మీ ఇంటికి వచ్చే పిల్లకు సాయంత్రం రెండు మూడు గంటలు ఎక్కడ అన్న భయం కూడా దానితో తీరుతుంది. మీటింగ్‌లో ఇద్దరు ముగ్గురు ఎదురు మాట్లాడతారు. మాట్లాడనివ్వండి, మీతో ఏకీభవించే ఇద్దరు కూడా అక్కడే ఉంటారు.

పన్నెండేళ్ళ ఆడపిల్ల విషయంలో ఇంకొక్క మాట. బడి మానేసి ఇంట్లో ఉన్న పిల్లకు పద్నాలుగు, పదిహేను రాగానే సంబంధాలు చూడటం మొదలవుతుంది. పద్దెనిమిది నిండకుండా పెళ్ళి నేరమని 2006 నాటి చట్టం చెబుతోంది, తల్లికీ తెలిసే ఉంటుంది. కానీ చట్టం కన్నా పదో తరగతి హాల్‌టికెట్ ఎక్కువ పెళ్ళిళ్ళు ఆపడం నేను చూశాను. "పరీక్షలున్నాయి, అయ్యాక చూద్దాం" అనడానికి తల్లికి ఒక మాట దొరుకుతుంది.

బడిలో చేర్చగానే అయిపోయిందనుకోవద్దు. మొదటి నెలలో పిల్ల రెండు రోజులు వరసగా వెళ్ళకపోతే ఆ రోజే ఎందుకని అడగండి, వారం ఆగితే పదిహేను రోజులు అవుతుంది. క్లాస్ టీచర్ ఫోన్ నంబర్ తీసుకుని తల్లి ఫోన్‌లో పెట్టండి, మీ ఫోన్‌లో కూడా. వలస వచ్చినవాళ్ళ పిల్లలు చాలామంది జారిపోయేది బతుకమ్మ, దసరా సెలవుల తరువాత. ఊరికి వెళ్ళిన కుటుంబం పదిహేను రోజులు ఎక్కువ ఉండిపోతుంది. తిరిగొచ్చాక "ఇన్ని రోజులు రాలేదు, సారు తిడతారు" అని పిల్ల బడి గుమ్మం ఎక్కదు. సెలవులకు ముందే వాళ్ళమ్మను కూర్చోబెట్టి తిరిగి ఏ రోజు వస్తారో అడిగి ఉంచండి. ఆ రోజు దాటితే ఫోన్ చేయండి. ఆలస్యమైతే మర్నాడు పొద్దున మీరే పిల్లను బడిలో దించి, సారుతో ఒక మాట చెప్పి ఆఫీసుకు వెళ్ళండి.